ఈలపీట అటకెక్కిన వేళ

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అనే సామెత తెలియని తెలుగువారుండరని నేను చాలాకాలం ధైర్యంగా ఉన్నాను. నిరుడు జూలైలో ఒకనాడు క్లాసులో సామెతల పాఠం చెబుతూండగా ఆ ధైర్యం కాస్తా చెదిరింది. వెనక బెంచీలో కుర్రవాడు లేచి, "మేడమ్, కంద తెలుసు, దురద తెలుసు. కత్తిపీట అంటే ఏమిటి?" అని అడిగాడు. నవ్వుతారేమోనని క్లాసంతా చూశాను. ఎవరూ నవ్వలేదు. సగంమందికి అదే సందేహం కాబోలు.

సరే, బోర్డుమీద బొమ్మ వేశాను. అడుగున ఒక పీట, దానిమీద నిలబడి ముందుకు వంగిన ఇనుప కత్తి. "ఏనుగు తొండంలాగుంది మేడమ్" అన్నదొక అమ్మాయి. "అన్ని కత్తులూ మనిషి చేతిలో కదులుతాయి, ఇది మాత్రం కదలదు. కాయే దాని దగ్గరికి వెళ్లి తెగివస్తుంది" అని చెప్పాను. "మరి వేళ్లు తెగవా మేడమ్?" అన్నదా అమ్మాయి మళ్లీ.

అసలు ప్రశ్న అదే. దానికి జవాబు చెప్పకుండా పాఠం ముందుకు నడిపించాను. ఎందుకంటే, అప్పటికి మూడు నెలల క్రితమే మా ఇంటి కత్తిపీటను నా చేతులతో నేనే అటకెక్కించి ఉన్నాను.

మా ఇల్లు మౌలాలిలో. మేడమీదికి వెళితే గుట్టా, గుట్టమీద దర్గా కనిపిస్తాయి. మావారు లాలాగూడ రైల్వే వర్కుషాపులో పనిచేస్తారు. నేను రోజూ లాలాపేట మీదుగా తార్నాక చేరి, విశ్వవిద్యాలయం ఆవరణలో తెలుగు పాఠాలు చెప్పి వస్తూంటాను. నాది తెనాలి. మా అత్తగారిది నిజామాబాదు జిల్లాలో బాల్కొండ వైపు పల్లె. అంచేత మా ఇంట్లో ప్రతి వస్తువుకూ రెండేసి పేర్లు. నేను ఆవకాయ అంటే ఆవిడ తొక్కు అంటారు. నేను కత్తిపీట అంటే ఆవిడ ఈలపీట అంటారు.

ఎమ్మే చదివినదాన్ని గదా, కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ మాట దిద్దబోయాను. తరవాత నిఘంటువు తిరగేస్తే ఈలకత్తీ, ఈలపీటా దర్జాగా కూర్చుని ఉన్నాయి. కన్నడంవారు దీన్ని ఈళిగె మణె అంటారట. అంటే ఆ మాటకు పొరుగున చుట్టాలు కూడా ఉన్నారన్నమాట. మరాఠీవారికి ఇది విళీ, బెంగాలీలకు బోటీ. బెంగాలులో కూరలే కాదు, చేపలు కూడా బోటీమీదనే తెగుతాయి. ఇంతమంది ఇల్లాళ్లు నేలమీద కూర్చుని, రెండు చేతులతో కాయ పట్టుకుని ఒకే తీరున కోసుకుంటూంటే, నేను మాట దిద్దడానికి బయలుదేరాను! దిద్దుకోవలసింది నేనేనని ఆనాడే ఒప్పుకున్నాను. కాని ఆవిడ దగ్గర నేర్చుకోవలసింది ఇంకా మిగిలే ఉన్నదని నిరుటి దాకా తెలియలేదు.

నిరుడు ఉగాదినాడు పచ్చడికి మామిడికాయ సన్నగా తరుగుతూ అత్తయ్య బొటనవేలు కోసుకున్నారు. చిన్న గాటు కాదు, మూడు కుట్లు పడ్డాయి. ఆవిడకు డెబ్బయి ఆరేళ్లు. "ఈ వయసులో కత్తిపీట ముందు కూర్చోవడమేమిటమ్మా!" అని డాక్టరుగారు కోప్పడ్డారు. మా ఇంటికి వచ్చిన చుట్టాలందరూ అదే పాట పాడారు. నాకూ భయం వేసింది. ఆ సాయంత్రమే కత్తిపీట కడిగి, పాత దుప్పటిలో చుట్టి, స్టూలు వేసుకుని అటకమీద పెట్టించేశాను. వేలికి కట్టుతో గుమ్మంలో నిలబడి ఆవిడ చూస్తూనే ఉన్నారు. ఏమీ అనలేదు. ఏమీ అనలేదు గనక ఒప్పుకున్నారనుకున్నాను.

ఇంతలో మే నెల వచ్చింది. మామిడికాయలు వచ్చాయి. ఏటా మార్కెట్లో కొట్టించుకునేవాళ్లం. పెద్ద పీటకు ఒక చివర మర బిగించిన పొడుగాటి కత్తితో కూర్చుని, చూస్తుండగానే గంపెడు కాయలు కొట్టి ఇచ్చేవాళ్లుంటారు గదా. నిరుడు నాకొక ఆలోచన వచ్చింది. ఎలాగూ కత్తిపీట అటకెక్కింది, ఒక మంచి పెద్దకత్తి కొంటే కూరలకూ పనికివస్తుంది, కాయలూ కొట్టుకోవచ్చు గదా అని. దుకాణానికి వెళ్లి, అరచేయంత వెడల్పున్న కత్తి, అద్దంలా మెరిసేది ఒకటి ఎంచుకుని తెచ్చాను. ఎంచుకున్నానంటే మరేమీ లేదు, అన్నిటిలోకీ అదే బాగా మెరిసింది.

అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వేలితో అంచు తడిమారు. "బంగారం లెక్క మెరుస్తుంది గని, టెంకను కొడుతదా బిడ్డా?" అన్నారు.

కొట్టింది. నాలుగు కాయలు కొట్టింది. అయిదో కాయ దగ్గర ఠంగుమని శబ్దమయింది. చూస్తే అంచులో గోరంత తునక ఎగిరిపోయి ఉన్నది. ఆ తునక ఎక్కడ పడిందో తెలియదు. అప్పటిదాకా కొట్టిన ముక్కలన్నీ పారబోయవలసి వచ్చింది. ఆవకాయలో ఇనుప ముక్క ఎవరి పంటికి తగిలినా ప్రమాదమే గదా!

దుకాణంవాడిని తిట్టుకుంటూ కూర్చున్నాను. మావారు సాయంత్రం వచ్చి కత్తిని దీపం దగ్గర పెట్టి, వెన్ను నుంచి అంచు దాకా చూసి, "తప్పు కత్తిది కాదు, వాడిదీ కాదు" అన్నారు. మిగిలింది నేనే గనక ఊరుకున్నాను.

ఆయన చెప్పిన సంగతి పాఠకులకు కూడా పనికివస్తుందని రాస్తున్నాను. వెడల్పుగా ఉన్న కత్తులన్నీ ఒక జాతి కావు. చైనా వంటవాళ్లు వాడే వెడల్పు కత్తి ఒకటున్నది. అది చూడటానికి మాంసం కొట్టే కత్తిలాగే ఉంటుంది. కాని రేకు పలుచన. అది కూరలు తరగడానికి, అల్లం చితకడానికి, తరిగిన ముక్కలు కత్తిమీదనే ఎత్తి బాణలిలో వేయడానికి. దాన్ని ఎముకమీదా, టెంకమీదా వేస్తే అంచు విరుగుతుంది. చైనావాళ్లు ఎముకలకు వేరే బరువు కత్తి పెట్టుకుంటారు. నేను తెచ్చింది ఆ పలుచని జాతి. కూరల కత్తిని కొబ్బరికాయకు వాడినట్టయింది నా పని.

మరునాటి ఆదివారం మాంసం దుకాణం దగ్గర ఇదే సంగతి కదిపాను. మన ఊళ్లో మాంసం కొట్టే బరువు కత్తిని బుగ్దా అంటారు. కింద చింతమొద్దు. చింతచెక్క గట్టిది, తొందరగా పొట్టు రేగదు, కత్తి అంచును మరీ పాడుచేయదు. బక్రీదు ముందు హైదరాబాదు బజార్లలో ఈ మొద్దులు గుట్టలుగా పోసి అమ్మడం మీరు చూసే ఉంటారు. ఆ దుకాణంలో పెద్దాయన నా ప్రశ్న విని నవ్వి, "బుగ్దాకు బరువు కావాలె, ఛురీకి ధార కావాలెనమ్మా. రెండూ ఒక్కదాంట్ల అడిగితే రెండూ పోతయి" అన్నాడు. పుస్తకంలో నాలుగు పేజీలు రాసే విషయాన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు!

ఆయన చెయ్యి గమనించాను. కత్తిని భుజం మీదికి ఎత్తడు. చెవి దాకా కూడా పోనివ్వడు. మణికట్టు పైకి లేస్తుంది, కత్తి తన బరువుతో తానే దిగుతుంది. ఎడమచెయ్యి ఎప్పుడూ కత్తి పడేచోటికి జానెడు దూరంలోనే. తెగకపోతే, చోటు మార్చకుండా సరిగ్గా అక్కడే రెండో దెబ్బ. కత్తి ఇరుక్కుంటే పక్కకు మెలితిప్పడు, నిటారుగా ఎత్తి తీస్తాడు. మెలితిప్పితేనే అంచు తునిగేది.

కనుక అమ్మలారా, కత్తి కొనేటప్పుడు మొదట అడగవలసింది ధర కాదు, "ఇది దేనికి?" అని. కూరలకయితే పలుచనిది, చేతికి తేలికగా ఉన్నది. ఎముకకూ, టెంకకూ, కొబ్బరికీ అయితే వెన్ను దళసరిగా, అంచు దగ్గర కూడా కాస్త కండ ఉన్నది. కూరగాయల కత్తి అంచును ఒక్కొక్క వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలున నూరితే, కొట్టుడు కత్తిని 25 డిగ్రీలకు పైగానే నూరాలి. వాలు ఎక్కువైతే పదును కాస్త తగ్గుతుంది గాని దెబ్బకు ఓరుస్తుంది. తరవాత పిడి చూడండి. కత్తి ఇనుము పిడి చివరిదాకా వచ్చి, రివిట్లతో బిగించి ఉండాలి. పిడిలోకి బొటనవేలంత దూరి ఆగిపోయిన కత్తి ఏదో ఒకనాడు ఊడి ఎగురుతుంది. చేయి తడిసినా జారనిదై ఉండాలి. చివరికి మెరుపు. అది చూసినా, చూడకపోయినా ఒకటే.

ఇక లోహం సంగతి. తుప్పు పట్టని స్టీలును 1913లో ఇంగ్లండులో షెఫీల్డు పట్టణంలో హారీ బ్రేర్లీ అనే ఆయన తయారుచేశాడు. ఇనుములో క్రోమియం కలిపితే పైన కంటికి కనిపించని పొర ఏర్పడి తుప్పును రానివ్వదు. చింతపండుకూ నిమ్మకాయకూ భయపడనక్కరలేదు. మామూలు ఉక్కుకత్తి అలా కాదు. అరటికాయ కోస్తే నల్లబడుతుంది, తడి వదిలేస్తే తుప్పు పడుతుంది. కాని చేతి నూరుడుకు తొందరగా లొంగి చక్కని పదును తీసుకుంటుంది. మన కమ్మరులు ఇప్పటికీ పాత లారీల కమాను కట్టలు కొని, కాల్చి, సాగదీసి కత్తులు చేస్తారు. అది మంచి ఉక్కు. ఎర్రగా కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచితే గట్టిపడుతుంది. ఆ గట్టిదనం పెళుసు కాకుండా మళ్లీ కొద్దిగా వేడిచేస్తారు. ఆ రెండో వేడిలోనే కమ్మరి పనితనమంతా ఉన్నది.

ఉక్కు అన్నమాట వచ్చింది గనక మా అత్తగారి జిల్లా గొప్ప ఒకటి చెప్పకపోతే ఆవిడకు అన్యాయం చేసినదాన్నవుతాను. నిజామాబాదు జిల్లాలో కోనసముద్రం అని ఒక ఊరున్నది. ఒకప్పుడు అక్కడ మట్టి మూసలలో కరిగించి చేసిన ఉక్కును కొనడానికి పారశీక దేశపు వర్తకులు వచ్చేవారు. వాయిసీ అనే ఇంగ్లీషాయన అక్కడ ఉక్కు చేసే పద్ధతిని వర్ణిస్తూ రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. డమాస్కసు కత్తులని ప్రపంచమంతా చెప్పుకునే కత్తులకు దక్షిణదేశపు ఉక్కే మూలం. 1795లో లండనులో రాయల్ సొసైటీ ముందు ఈ ఉక్కుమీద వ్యాసం చదివారు. దాని పేరు వూట్జ్ అని రాసుకున్నారు. మన తెలుగు కన్నడాల "ఉక్కు" అనే మాటే దొరల నోట అలా అయిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. విద్యుత్తు పరిశోధనలతో పేరుపడ్డ మైకేల్ ఫారడే కూడా 1819లో దీన్ని పరీక్షించాడు. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు ఫోనులు పక్కన పెట్టి విన్నారు!

అత్తయ్య ఈలపీట కూడా ఆ ప్రాంతపు కమ్మరి చేసిందే. ఆవిడ పెళ్లికి తండ్రి చేయించి ఇచ్చారు. అందులో ఉన్నది ఆ పురాతనపు ఉక్కేనని నేననను. ఆ మూసలు ఆవిడ పుట్టకముందే చల్లారిపోయాయి. కాని యాభై అయిదేళ్లకు పైగా అరిగి అరిగి, మూడు వేళ్ల వెడల్పున్న కత్తి ఒక వేలి వెడల్పుకు వచ్చినా పని మానలేదు. అలాంటిదాన్ని దుప్పటిలో చుట్టి అటకెక్కించానన్నమాట.

జూన్ గడిచింది. అత్తయ్య వంటింట్లోకి రావడం తగ్గించారు. మొదట నేను గమనించలేదు. కాలేజీ తెరిచిన రోజులు, నాకు తీరిక లేదు. పొద్దున్నే గట్టుమీద నిలబడి, చెక్కబల్లమీద చకచకా తరిగేసుకుని బస్సు కోసం పరుగు. ఇదివరకు తెల్లవారేసరికి ఆవిడ చిక్కుడుకాయ ఈనెలు తీసి, బీరకాయ చెక్కు తీసి, ఏ పూటకు ఏ కూరో తేల్చి కూర్చునేవారు. ఇప్పుడు "ఏం కూర చెయ్యమంటారత్తయ్యా?" అంటే, "ఏదైతే ఏంది తల్లీ, నీ ఇష్టం" అంటున్నారు. భోజనం కూడా తగ్గింది. వయసు అనుకున్నాను. మనకు అర్థం కానిదానికంతా పెట్టడానికి వయసనే పేరొకటి సిద్ధంగా ఉంటుంది గదా.

క్లాసులో ఆ అమ్మాయి ప్రశ్న అడిగిన వారంలోనే ఒకనాడు మధ్యాహ్నం తొందరగా ఇంటికి వచ్చాను. వంటింటి గుమ్మంలో స్టూలు కనిపించింది. నా గుండె ఆగినంత పనయింది. మా అమ్మాయి, ఎనిమిదో క్లాసు పిల్ల, అటకమీదనుంచి దుప్పటి మూట దించి నాయనమ్మకు ఇచ్చింది. ఆవిడ నేలమీద కూర్చుని ఈలపీట ముందు పెట్టుకుని, సొరకాయ చేతిలోకి తీసుకుంటున్నారు.

నాకు ఒళ్లు తెలియలేదు. "చిన్నపిల్లచేత కత్తులు దింపిస్తారా? మళ్లీ వేలు తెగితే ఆస్పత్రులచుట్టూ తిరగవలసింది ఎవరు?" అనేశాను. అనకూడని మాట అని నోట్లోంచి రాగానే తెలిసింది. కాని వచ్చేసింది.

అత్తయ్య సొరకాయ కింద పెట్టారు. "వేలు నాది. నొప్పి గూడ నాదే గద బిడ్డా. పనొక్కటి నాది గాకుండ జేస్తివి" అన్నారు. కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పారు. తరవాత కాసేపు ఆగి, "ఈల తెగుతలేదని సంక్రాంతికే జెప్పిన. రెండుసార్లు జెప్పిన. సానవాడు రాకపాయె. ఎవ్వరు ఇనకపాయె" అన్నారు.

నిజమే. చెప్పారు. సంక్రాంతికి అరిసెలు వండుతూండగా ఒకసారి, నేను పరీక్ష పేపర్లు దిద్దుతూండగా ఒకసారి. "చూద్దాం అత్తయ్యా" అన్నాను. ఇదివరకు "చాకూ, ఛురీ, ధార్" అని కేకవేస్తూ సైకిలుకు సానచక్రం బిగించుకుని ఒకాయన నెలకోసారి మా వీధికి వచ్చేవాడు. ఏడాదిపైగా అతను రావడం లేదు. రావడం లేదన్న సంగతి మా ఇంట్లో గమనించింది ఆవిడ ఒక్కరే.

మొద్దుబారిన కత్తి వల్ల భయం లేదని మనందరి నమ్మకం. అదే పొరపాటు. పదునున్న కత్తి కాయలోకి దిగుతుంది. మొద్దుకత్తి కాయమీద జారుతుంది. జారుతున్నదని మనం మరింత ఒత్తుతాం. ఆ ఒత్తిన బలమంతా జారిన క్షణంలో వేలిమీద పడుతుంది. పైగా పదునుకత్తి గాటు నున్నగా పడి తొందరగా మానుతుంది, మొద్దుకత్తి గాటు చిరిగినట్టు పడుతుంది. ఉగాదినాటి మూడు కుట్లలో ఒక్కటైనా నా "చూద్దాం" తాలూకుదే.

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. అప్పుడొకటి గమనించాను. ఆవిడ అంచును చూడటం లేదు, వేలితో తడిమి పోల్చుకుంటున్నారు. మే నెలలో నా కొత్తకత్తిని కూడా అలాగే తడిమారని గుర్తుకు వచ్చింది. "అత్తయ్యా, ఈ అంచు కనబడుతున్నదా?" అని అడిగాను. "ఏడున్నదో ఎరుకే గద" అన్నారు. కనబడుతున్నదని మాత్రం అనలేదు. ఆ శనివారమే కంటి ఆస్పత్రికి తీసుకుపోయాం. రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరాయన్నారు. ఇంటిల్లిపాదీ చదువుకున్నవాళ్లం. వేలికి కట్టు కట్టించి, కత్తిని దాచేసి, కంటిని చూడటం మరిచాం!

ఆగస్టులో ఒక కన్నూ, అక్టోబరులో రెండో కన్నూ ఆపరేషనయ్యాయి. ఈలోగా మావారు ఈలపీట సంగతి పట్టుకున్నారు. సానరాయి ఒకటి కొని తెచ్చారు, ఒకవైపు గరుకు, రెండోవైపు నున్నన. వంటింటి కత్తులు నూరడం నేనూ నేర్చుకున్నాను. రాయిని తడిపి, కింద తడిగుడ్డ వేసి కదలకుండా పెట్టాలి. మూడంగుళాల వెడల్పు కత్తి అయితే వెన్నును రాయిమీదనుంచి ఒక్క అంగుళం ఎత్తి పట్టుకుంటే సుమారు 20 డిగ్రీల వాలు వస్తుంది. అదే వాలున, తొందర లేకుండా నూరుతూ పోతే కాసేపటికి అంచు అవతలవైపు సన్నని గరుకు వేలికి తగులుతుంది. అప్పుడు రెండోవైపు తిప్పాలి. చివర నున్నని రాయిమీద నాలుగు పట్లు. పండిన టమాటా మీద పెడితే ఒత్తకుండానే తొక్క తెగాలి. అదీ పరీక్ష. ఈలపీట కత్తి వంపుగా కదలకుండా ఉంటుంది గనక దానికి కత్తిని రాయిమీద నూరడం కుదరదు, రాయినే చేత్తో పట్టుకుని అంచు వెంబడి నడపాలి. ఆ పని ఇప్పటికీ మావారిదే.

సానచక్రం దగ్గరికి పంపేవారికి ఒక మాట. నిప్పురవ్వలు చూసి మురిసిపోకండి. మధ్యమధ్య నీళ్లలో ముంచమనండి. అంచు నీలిరంగు తిరిగిందంటే వేడికి గట్టిదనం పోయినట్టే, ఇక ఆ మేర పదును నిలవదు. కత్తిని స్టవ్ మంటమీద కాల్చడం కూడా ఇందుకే తప్పు. వాడగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి పెట్టండి. అంట్ల తొట్టిలో నీళ్లకింద కత్తిని వదిలితే తుప్పు సంగతి అలా ఉంచి, అంట్లు తోమే అమ్మాయి చేతివేళ్ల సంగతి ఆలోచించండి. ఉక్కుకత్తికి వారానికోసారి కొబ్బరినూనెగాని నువ్వులనూనెగాని పలుచగా రాయండి. పచ్చిమాంసానికి వాడిన కత్తీ, చెక్కా వేడినీళ్లతో సబ్బుతో కడగకుండా కూరగాయలకు ముట్టించకండి. వీలుంటే రెండూ వేరువేరుగా పెట్టుకోండి. చేతిలోంచి కత్తి జారితే పట్టుకోబోకండి, కాళ్లు వెనక్కి తీసుకుని పడనివ్వండి. కింద పడ్డ కత్తిని మళ్లీ నూరుకోవచ్చు.

మోకాళ్ల సమస్య మిగిలింది. నేలమీద కూర్చుంటే లేవడానికి ఇద్దరం పట్టవలసి వస్తున్నది. మావారు వడ్రంగిచేత మోకాలెత్తు బెంచీ చేయించి, దాని చివర ఈలపీటను బోల్టులతో బిగించారు. ఆవిడ బెంచీమీద కూర్చునే కోసుకోవచ్చు. కిటికీ పక్కన, వెలుతురు ఎడమనుంచి పడేలా పెట్టాం. పని కాగానే కత్తికి తొడగడానికి, పాత సైకిలు ట్యూబు చీల్చి తొడుగు చేశారు. ఇదివరకు పల్లెల్లో కూడా పని అవగానే కత్తిపీటను పడుకోబెట్టి, అంచు గోడవైపు తిప్పేవారు. నిలబడ్డ కత్తిపీటను వదిలి లేవకూడదన్నది అత్తయ్య మొదటి నియమం. ఆ నియమాన్ని ఈ ఏడాదంతా మా అమ్మాయికి నేర్పారు.

అవును, నేర్పుతున్నారు. మొదట నేను వద్దన్నాను. "నీకు నేర్పలే, గందుకే నీకు భయం" అన్నారావిడ. ముందు బెండకాయలు, తరవాత దొండకాయలు. కాయను రెండు చేతులా పట్టాలి, బొటనవేళ్లు లోపలికి మడవాలి, కాయ నడవాలి గాని చెయ్యి ఉరకకూడదు, మాట్లాడాలనిపిస్తే కాయ కింద పెట్టి మాట్లాడాలి. చివరి నియమం మా అమ్మాయికి అన్నిటికంటే కష్టంగా ఉన్నది.

ఈ ఏడు మే నెలలో మామిడికాయలు ఇంట్లోనే కొట్టాం. దళసరి కత్తి, చింతమొద్దు, మావారి చెయ్యి. కాయను పక్క అంచుమీద నిలిపి నిలువునా కొడితే టెంక రెండు దోనెలుగా విడుతుంది. టెంక కట్టీ కట్టనట్టుగా ఉంటే ముక్కకు పట్టు ఉండదు, మరీ ముదిరితే పగిలి పెచ్చులవుతుంది. కాయ ఎంచినవారు అత్తయ్య. జీడి తీసి, పొర గీకి, ముక్కలు తుడిచింది మేం ముగ్గురం. సగం నా ఆవకాయ, సగం ఆవిడ తొక్కు. ఒక జాడీమీద ఒక పేరు, ఇంకొకదానిమీద ఇంకొక పేరు మా అమ్మాయి రాసి అంటించింది.

పని అయ్యాక అత్తయ్య నా మెరిసే కత్తిని అడిగి తెప్పించుకున్నారు. తునక పోయిన అంచును మావారు ఎప్పుడో అరగదీసి సరిచేశారు, దోసకాయలకూ పుచ్చకాయకూ వాడుతున్నాం. ఆవిడ దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి, ఈసారి తడమకుండా కళ్లతోనే చూశారు. "దీనికి నూరాలె. రేపు మరిచిపోకు" అన్నారు.

"చూద్దాం" అనబోయి ఆగి, లేచి సానరాయి నీళ్లలో వేశాను.